న్యూ ఆర్లీన్స్‌లో మూసిన కిటికీల కాన్వెంట్: పగలు చూడాలా, రాత్రి చూడాలా?

హ్యూస్టన్, డాలస్ వైపు ఉండే మనవాళ్ళకి న్యూ ఆర్లీన్స్ అంటే లాంగ్ వీకెండ్ ఊరు. అందరూ చూసొచ్చేవి కూడా దాదాపు ఒకటే: బర్బన్ స్ట్రీట్, పంచదార పొడి చల్లిన బెన్యేలు (నూనెలో వేయించిన పిండివంట), మిసిసిపీ మీద స్టీమర్ షికారు. మేము మాత్రం ఈసారి ఒక పాత కాన్వెంట్ (బడి కాదు, నన్స్, అంటే క్యాథలిక్ సన్యాసినులు ఉండే మఠం) కోసం వెళ్ళాం. హైస్కూల్లో ఉన్న మా అమ్మాయికి వాంపైర్ల పిచ్చి. ఊరి పాత పేట ఫ్రెంచ్ క్వార్టర్‌లో ఓల్డ్ అర్సులిన్ కాన్వెంట్ అని ఒకటుందనీ, దాని పై అంతస్తులో రక్తం తాగే అమ్మాయిల్ని పెట్టి కిటికీలు బిగించేశారనీ ఎక్కడో విన్నది. ఇక ఊరుకోలేదు. తెనాలి నుంచి వచ్చిన మా అత్తయ్యగారు కూడా "దెయ్యాల మేడట కదా, నేనూ వస్తా" అన్నారు. అలా మూడు తరాలూ ఒకే కారెక్కాం.

హ్యూస్టన్ నుంచి ఐ-10 మీద దాదాపు 350 మైళ్ళు. ఆగకుండా వస్తే ఐదున్నర, ఆరు గంటలు పడుతుంది. పెద్దవాళ్ళు, టీ బ్రేకులు, బాత్రూమ్ బ్రేకులు కలుపుకుంటే ఏడు అనుకోండి. లఫాయెట్ దాటాక అచఫలాయా బేసిన్ మీద 18 మైళ్ళ పొడవున వంతెన వస్తుంది. ఇటూ అటూ నీళ్ళలో నిలబడ్డ సైప్రస్ చెట్లు, మధ్యలో రోడ్డు. దారంతటికీ బాగున్నది అదొక్కటే. ఆ తర్వాత బాటన్ రూజ్‌లో మిసిసిపీ వంతెన దగ్గర ట్రాఫిక్ మొత్తం ఇరుకులో పడుతుంది. శుక్రవారం సాయంత్రం అక్కడ చిక్కుకోకుండా ప్లాన్ చేసుకోండి.

బస గురించి ముందే చెప్పేస్తా, చాలామందికి కావాల్సింది అదే కాబట్టి. మేము ఫ్రెంచ్ క్వార్టర్ లోపలే, పాత ఇల్లుని మార్చిన ఒక హోటల్లో దిగాం. లోపల చిన్న ప్రాంగణం, ఫౌంటెన్, ఇనప నగిషీల బాల్కనీ. ఫొటోలకి అద్భుతం. కానీ లిఫ్ట్ లేదు. మెట్లు నిటారుగా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యగారికి కింది గది అడిగితే, రిసెప్షన్‌లో అబ్బాయి "ఆ గదిలో కొంతమందికి ఏవో అడుగుల చప్పుళ్ళు వినిపిస్తాయి, మీకు ఓకేనా?" అని నవ్వుతూ అడిగాడు. ఈ ఊళ్లో హోటలుకి దెయ్యం ఉండటం మైనస్ కాదు, ప్లస్. ఆ గదిలో రాత్రంతా వినిపించినవి మాత్రం వీధిలో తాగి పాడేవాళ్ళ గొంతులే. పార్కింగ్ రాత్రికి నలభై, యాభై డాలర్లు విడిగా కట్టాలి. బుకింగ్ పేజీలో ఆ సంగతి ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది.

చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే నా ఓటు కనాల్ స్ట్రీట్ చుట్టుపక్కలుండే పెద్ద హోటళ్ళకి. లిఫ్ట్ ఉంటుంది, నిద్ర పడుతుంది, ఫ్రెంచ్ క్వార్టర్‌కి నడిచే దూరం. ఖర్చు తగ్గించుకోవాలంటే ఊరి శివారు మెటైరీలో దిగొచ్చు. పార్కింగ్ చాలాచోట్ల ఉచితం, ఇండియన్ భోజనం కూడా అటువైపే దొరుకుతుంది. కాకపోతే రోజూ ఊళ్లోకి వచ్చి కారు ఎక్కడ పెట్టాలన్న టెన్షన్ మామూలే. విమానంలో వచ్చేవాళ్ళకి ఎయిర్‌పోర్ట్ నుంచి ఫ్రెంచ్ క్వార్టర్‌కి టాక్సీ ఫిక్స్‌డ్ రేటు. కారు లేకపోవడమే ఇక్కడ హాయి.

మొదటి రాత్రి దెయ్యాల టూర్. ఈ టూర్లు నడిపేవాళ్ళు చాలామంది ఉన్నారు, చీకటి పడితే ప్రతి మూలమలుపులోనూ ఒక గుంపు నిలబడి ఉంటుంది. ఒక గైడు వెంట 28 మందికి మించి ఉండకూడదని ఊరి నిబంధన. మా గుంపు ఆ అంచునే ఉంది. సగం మంది చేతుల్లో ప్లాస్టిక్ గ్లాసులు. ఫ్రెంచ్ క్వార్టర్‌లో వీధిలో తాగుతూ నడవొచ్చు, గాజు సీసా మాత్రం పట్టుకోకూడదు. అందుకని కథ భయంకరమైన చోటికి వచ్చేసరికి వెనకనుంచి ఎవరో ఒకరు కెవ్వుమనడం, మిగతావాళ్ళు పగలబడి నవ్వడం.

కాన్వెంట్ గోడ ముందు గైడు చెప్పిన కథ ఇదీ. 1728లో ఫ్రాన్సు నుంచి కొందరు అమ్మాయిలు ఓడ దిగారు. అప్పటి ఈ ఫ్రెంచి కాలనీలో మగవాళ్ళే ఎక్కువ కాబట్టి వాళ్ళకి పెళ్ళాలుగా పంపిన పిల్లలు. ఒక్కొక్కరి చేతిలో శవపేటిక ఆకారంలో ఒక పెట్టె. నెలల తరబడి ఓడ అడుగున ఉండి పాలిపోయారు, ఎండ తగిలితే చర్మం కందిపోతోంది. అర్సులిన్ అనే సంఘానికి చెందిన నన్స్ వాళ్ళని తీసుకుని ఆ పెట్టెల్ని పై అంతస్తులో దాచారు. తర్వాత తెరిచి చూస్తే అన్నీ ఖాళీ. ఊళ్లో చావులు పెరిగాయి. అప్పుడు నన్స్ అటక కిటికీలకి పోప్ ఆశీర్వదించిన మేకులు కొట్టించారు. ఎనిమిది వేల మేకులట. 1978లో ఇద్దరు పరిశోధకులు కెమెరాలతో ఇక్కడే రాత్రి కాపు కాశారు, తెల్లారేసరికి మెట్ల మీద శవాలై ఉన్నారు.

మా అమ్మాయి చెయ్యెత్తి ఆ ఇద్దరి పేర్లేమిటని అడిగింది. గైడు తల గోక్కుని "కేసు మూసేశారు" అన్నాడు. బాగా చెప్పాడు కథ, అది కాదనను. గొంతు ఎక్కడ తగ్గించాలో, లాంతరు ఎప్పుడు పైకెత్తాలో తెలిసినవాడు. వీధి దీపాల వెలుగులో ఆ వాలు కప్పు, అందులోంచి పొడుచుకొచ్చిన అటక కిటికీలు, వాటికి మూసిన తలుపులు చూస్తే ఒళ్ళు జలదరించేది నిజమే. అత్తయ్యగారు మాత్రం తేల్చేశారు: "మన దెయ్యాలే నయం, చింతచెట్టు మీద గాలికి కూచుంటాయి. వీటి బతుకు పెట్టెల్లోనూ అటకల్లోనూనా?"

అక్కడినుంచి రాయల్ స్ట్రీట్ మీద లలోరీ మాన్షన్‌కి తీసుకెళ్ళారు. ఇక్కడ నాకు టూర్ మీద మనసు విరిగింది. 1834 ఏప్రిల్‌లో ఈ ఇంట్లో మంటలు లేచినప్పుడు, ఆర్పడానికి వచ్చినవాళ్ళకి గొలుసులతో కట్టేసి, చిత్రహింసలు పెట్టిన బానిసలు కనిపించారు. ఇది కల్పన కాదు, అప్పటి పత్రికల్లో అచ్చయిన విషయం. ఊరి జనం ఆగ్రహంతో ఇంటి మీద పడ్డారు, ఇంటి యజమానురాలు మేడమ్ లలోరీ పారిపోయింది. ఆ మనుషులకి జరిగినదాన్ని మరింత రక్తం కలిపి, నవ్వుల మధ్య చెప్పడం వినలేకపోయాం. ఇల్లు ఇప్పుడు ప్రైవేటు ఆస్తి, లోపలికి ఎవర్నీ వెళ్ళనివ్వరు. కాబట్టి టూర్లో చూసేది గోడా, తలుపూ మాత్రమే. కాన్వెంట్ దగ్గరా అంతే. రాత్రి టూర్ కాన్వెంట్ లోపలికి తీసుకెళ్ళదు. ఇది తెలియక డబ్బు కట్టినవాళ్ళు మా గుంపులోనే కొందరున్నారు.

మర్నాడు పొద్దున్నే కాఫీకి కఫే డు మాండ్. 1862 నుంచి ఉన్న అంగడి. వాళ్ళ కాఫీలో చికోరీ కలుపుతారు, సగానికి సగం వేడి పాలు పోస్తారు. అమెరికా వచ్చాక ఏ కాఫీకీ ఒప్పుకోని అత్తయ్యగారు రెండో కప్పు అడిగారు. బెన్యేలు అప్పటికప్పుడు వేయించినవి. గుడ్డు కూడా తినని వాళ్ళుంటే అడిగి తీసుకోండి. నల్ల బట్టలు వేసుకుని మాత్రం వెళ్ళకండి, పంచదార పొడి ముక్కులోకి కూడా పోతుంది. ఎనిమిదిలోపు వెళ్తే క్యూ తక్కువ.

అక్కడినుంచి డెకేటర్ స్ట్రీట్ వెంట నడిస్తే పది నిమిషాల్లో కాన్వెంట్. ఫుట్‌పాత్‌లు ఇటుకలతో వేసినవి, చెట్ల వేళ్ళకి లేచిపోయి ఉన్నాయి. వీల్‌చైర్ తోయడం కష్టం. ముందు గేటు దగ్గర టికెట్ తీసుకుని తోటలోకి అడుగుపెట్టగానే వీధి చప్పుడంతా వెనకబడిపోయింది. కత్తిరించిన పొదల మధ్య కాలిబాటలు, ఎదురుగా బూడిద రంగు పూత పూసిన భారీ భవనం. రాత్రి చూసిన కిటికీలు పగటి వెలుగులో మామూలు చెక్క తలుపుల్లానే ఉన్నాయి.

ఇప్పుడున్న ఈ భవనం 1745లో గీసిన నక్షాతో మొదలై 1753కి పూర్తయింది. మిసిసిపీ లోయ మొత్తంలో మిగిలిన అతి పాత కట్టడం ఇదేనంటారు. 1788లో ఊరు చాలాభాగం తగలబడినా దీనికి ఏమీ కాలేదు. ఇక్కడ మా అమ్మాయి ఆగిపోయి వేళ్ళు లెక్కపెట్టింది. పెట్టెల అమ్మాయిలు వచ్చింది 1728లో. భవనం తయారైంది 1753లో. మరి ఆ పెట్టెలు ఏ అటకలో దాచినట్టు?

లెక్క ఇంకా తిరగబడుతుంది. అర్సులిన్ నన్స్ పన్నెండు మంది ఫ్రాన్సు నుంచి బయల్దేరి దాదాపు ఐదు నెలలు సముద్రం మీద గడిపి ఇక్కడికి చేరింది 1727 ఆగస్టులో. వాళ్ళకి కట్టించిన మొదటి కాన్వెంట్ కూడా 1734 దాకా పూర్తి కాలేదు. అప్పటిదాకా కాలనీని నడిపే ఫ్రెంచి వర్తక కంపెనీ చూపించిన అద్దె ఇంట్లో సర్దుకున్నారు. ఆ మొదటి కట్టడం చెక్క చట్రాల మధ్య ఇటుక పేర్చి కట్టినది. బయటికి తేలిన చెక్క ఈ తేమకి ఆగలేదు, కొన్నేళ్ళకే పాడైంది. అందుకే రెండోసారి మందపాటి ఇటుక గోడలు కట్టి పైన పూత పూశారు. మొదటి కాన్వెంట్‌లోంచి మిగిలింది ఒక్క సైప్రస్ చెక్క మెట్ల వరస. దాన్ని తీసుకొచ్చి ఇందులో బిగించారు. లోపలికి వెళ్ళగానే కనిపించేది అదే. తరాల కాళ్ళకి అరిగి, నున్నబడి, మెలికలు తిరిగి పైకి పోతుంది. ఎక్కనివ్వరు. మ్యూజియం అంతా కింది అంతస్తులోనే, పైవి సందర్శకులకి తెరవరు. దెయ్యాల కథకి ఇంతకన్నా ఎరువు ఏం కావాలి?

కిటికీల సంగతి కూడా అంతే. ఇక్కడ జూన్ నుంచి నవంబరు దాకా తుపానుల సీజన్. వాడకంలో లేని అటకకి తలుపులు బిగించి ఉంచకపోతేనే ఆశ్చర్యపోవాలి.

పెళ్ళికూతుళ్ళని ఓడల్లో పంపడం మాత్రం కట్టుకథ కాదు. 1721లో బలేన్ అనే ఓడలో పారిస్‌లోని సాల్పెట్రియేర్ అనే అనాథ, నిర్బంధ ఆశ్రమం నుంచి 88 మంది అమ్మాయిలు బిలోక్సీ తీరంలో దిగారు. చేతిలో ఒక చిన్న పెట్టె, అందులో పెళ్ళికి రెండు జతల బట్టలు, అంతే ఆస్తి. ముక్కూ మొహం తెలియని మగవాడితో, వరదలూ జ్వరాలూ ఉన్న ఊళ్లో జీవితం. వాళ్ళే వాంపైర్లయ్యారు కథలో. అత్తయ్యగారికి ఈ ముక్క చెప్పినప్పుడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నన్నిచ్చేటప్పుడు కనీసం ఊరు తెలిసినవాళ్ళకిచ్చారు" అన్నారు.

మ్యూజియం పెద్దదేమీ కాదు. తీరిగ్గా చూస్తే గంటన్నర. పాత ప్రార్థన వస్తువులు, బిషప్పుల బొమ్మలు, నన్స్ చరిత్ర చెప్పే పలకలు. బోర్డులు చదివే ఓపిక లేనివాళ్ళకి అరగంటలో అయిపోయి, "ఇంతేనా" అనిపిస్తుంది. చదివేవాళ్ళకి మాత్రం బోలెడు సరుకు. మొదట వచ్చిన నన్స్‌లో ఒకరైన యువ నన్ మరీ మాడెలిన్ అషార్ ఫ్రాన్సులోని నాన్నకి రాసిన ఉత్తరాలు మిగిలాయి. ప్రయాణం, దోమలు, తిండి, మనుషులు, అన్నీ రాసింది. ఈ ఊరు పారిస్‌తో సమానమని ఇక్కడివాళ్ళు పాట కట్టి పాడుతున్నారని కూడా రాసింది. చిత్తడి నేలలో నాలుగు వీధులున్న రోజుల్లో! ఇంకొక సిస్టర్ మందుల మొక్కల తోట పెంచి, ఆసుపత్రికి మందులు తయారుచేసింది. ఆవిడని అమెరికాలో మొదటి మహిళా ఫార్మసిస్ట్ అంటారు. 1729లో నాచెజ్ తెగవాళ్ళు ఫ్రెంచి కోట మీద దాడి చేశాక అనాథలైన ఆడపిల్లల్ని చేరదీసిందీ ఈ నన్సే. వాళ్ళు మొదలుపెట్టిన బడి ఇప్పటికీ ఊరికి ఇంకో మూల నడుస్తోంది, 1727 నుంచి మూతపడలేదు.

ఆ బడిలో నల్లజాతి పిల్లలకీ, స్థానిక తెగల పిల్లలకీ కూడా చదువు చెప్పారు. అదే సమయంలో ఈ నన్స్‌కి తోటలూ, వాటిలో పనిచేసే బానిసలూ ఉండేవారు. రెండూ నిజమే. రాత్రి టూర్లో ఎనిమిది వేల మేకుల గురించి విన్నాం కానీ ఈ మాట వినలేదు. దెయ్యం కావాలంటే ఇక్కడ వెతకాలి అనిపించింది నాకు.

తోట పక్కనే సెయింట్ మేరీస్ చర్చి, 1845లో కట్టినది. టికెట్‌లోనే వస్తుంది. తప్పక లోపలికి వెళ్ళండి, దాని రంగుటద్దాల కోసమైనా. ఒక అద్దంలో 1815 జనవరి 8 నాటి న్యూ ఆర్లీన్స్ యుద్ధం ఉంటుంది. ముందురోజు రాత్రంతా నన్సూ, ఊరి ఆడవాళ్ళూ మరియమ్మ విగ్రహం ముందు ప్రార్థనలో కూచున్నారు. పొద్దున బ్రిటిష్ సేన మీద అమెరికా జనరల్ ఆండ్రూ జాక్సన్ సేన గెలిచింది. జాక్సన్ స్వయంగా కాన్వెంట్‌కి వచ్చి కృతజ్ఞత చెప్పాడు. అప్పుడు మొక్కుకున్న ప్రకారం ఏటా జనవరి 8న కృతజ్ఞతా పూజ ఇప్పటికీ జరుగుతోంది. తుపాను వస్తుందంటే ఈ ఊరి క్యాథలిక్కులు తలుచుకునేది ఆ అమ్మనే. విగ్రహం ఇప్పుడు ఇక్కడ లేదు. నన్స్ 1824లో ఈ భవనం వదిలి వెళ్ళినప్పుడు తమతో తీసుకెళ్ళారు, ఇప్పుడు స్టేట్ స్ట్రీట్‌లో గుడి ఉంది. అత్తయ్యగారు చూడాలన్నారు. సెయింట్ చార్లెస్ స్ట్రీట్‌కార్ (ట్రామ్) ఎక్కి ఓక్ చెట్ల నీడలో పోయి, ఆఖరి ముక్క క్యాబ్‌లో వెళ్ళాం. నడవాలంటే దూరం. స్ట్రీట్‌కార్ టికెట్ డాలరుంపావు, రోజు పాస్ మూడు డాలర్లు. కాన్వెంట్ టికెట్ కన్నా, టూర్ టికెట్ కన్నా నాకు గిట్టుబాటయింది ఈ రోజు పాసే. బంగారు రంగు విగ్రహం ముందు అత్తయ్యగారు చేతులు జోడించి చాలాసేపు నిలబడ్డారు.

కాన్వెంట్‌కి సరిగ్గా ఎదురుగా బోరిగార్డ్-కీస్ హౌస్ ఉంది. 1826 నాటి ఇల్లు. అమెరికా అంతర్యుద్ధంలో కాన్ఫెడరేట్ (దక్షిణాది పక్షం) జనరల్ బోరిగార్డ్ ఆ యుద్ధం తర్వాత కొన్నాళ్ళు అద్దెకున్నాడు. ఆయన పోరాడిన షైలో యుద్ధం రాత్రుళ్ళు హాల్లో మళ్ళీ జరుగుతుందని కథ. లోపల గైడు వెంట తిప్పి చూపిస్తారు. టైముంటే సరే, లేకపోతే వదిలేయొచ్చు. సెయింట్ లూయీ శ్మశానం నంబర్ 1 మాత్రం వదలకండి. 1789 నాటిది, నేల పైనే కట్టిన సమాధుల వీధులు. 2015 నుంచి లైసెన్స్ ఉన్న గైడు లేకుండా లోపలికి పంపరు, ముందే బుక్ చేసుకోవాలి. అక్కడి గైడు అరవలేదు, లాంతరు ఊపలేదు. ఎల్లో ఫీవర్‌తో ఊరు ఎలా తుడిచిపెట్టుకుపోయిందో నెమ్మదిగా చెప్పింది. 1853లో ఒక్క ఎండాకాలంలోనే ఎనిమిది వేలమంది దాకా పోయారట. దోమ కుట్టి రక్తం తాగితే మనిషి పోతున్నాడని ఎవరికీ తెలియని రోజులవి. మా అమ్మాయి వెంటనే అంది, "అయితే వాంపైర్ ఉంది, రెక్కలు మాత్రం చిన్నవి."

తిండి విషయం. మాంసం తినేవాళ్ళకి ఈ ఊరు పండగే. గంబో అనే పులుసులో బెండకాయా రొయ్యలూ కలిపి వండుతారు. కోస్తా వాళ్ళకి కొత్తేమీ కాదు, చిక్కదనమే కొత్త. శాకాహారులు జాగ్రత్త. రాజ్మా అన్నం లాంటి రెడ్ బీన్స్‌లో కూడా సాసేజ్ ముక్కలో, హామో పడుతుంది. ఆకుకూర అని ఇచ్చినదాన్లోనూ పంది మాంసం రసం ఉండొచ్చు. ప్రతిచోటా అడగాల్సిందే. అత్తయ్యగారి కోసం మేము రైస్ కుక్కర్ తెచ్చుకున్నాం. గోంగూర పచ్చడి, పెరుగుతో రెండు పూటలు గడిచాయి. హోటల్ గదిలో కుక్కర్ పెట్టనిస్తారో లేదో ముందు కనుక్కోండి.

ఏది ఎంచుకోవాలంటే: కాన్వెంట్ పగటిపూట, అదీ పొద్దున్నే. ఆదివారం, సెలవు రోజుల్లో తెరుస్తారో లేదో చూసుకుని బయల్దేరండి. శని, ఆదివారాల్లో చర్చిలో పెళ్ళిళ్ళుంటే లోపలికి పంపరు. రాత్రి టూర్‌కి టీనేజ్ పిల్లలుంటే ఒకసారి వెళ్ళొచ్చు, కథ చెప్పే కళ చూడటానికి. పదేళ్ళలోపు పిల్లల్ని మాత్రం వద్దు. భయపడతారని కాదు, చుట్టూ తాగినవాళ్ళ మాటలు వినలేం. రెండూ చేసేట్టయితే రాత్రి ముందు, పగలు తర్వాత. మా అమ్మాయి వేళ్ళు లెక్కపెట్టింది అందుకే, కథ అప్పటికే చెవిలో ఉంది కాబట్టి. మే నుంచి సెప్టెంబరు దాకా ఉక్కపోత భరించడం కష్టం, అక్టోబరు చివరి నుంచి మార్చి దాకా హాయి. మార్డీ గ్రా పండగ రోజుల్లో హోటల్ రేట్లు ఎక్కడికో వెళ్ళిపోతాయి. ఆదివారం తిరుగు ప్రయాణమైతే మధ్యాహ్నం పన్నెండులోపు బయటపడండి, లేకపోతే బాటన్ రూజ్ వంతెన దగ్గరే సాయంత్రమవుతుంది.